రైఫిల్ కొనబోయే రైల్వే ఉద్యోగికి

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోని మన తెలుగు ఇళ్లలో రైఫిల్ మాట మూడు రకాలుగా వస్తుంది. ఎన్‌సీసీలో పిల్ల గురి బాగుందని మెచ్చుకుంటే, సొంత రైఫిల్ కొనిస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరుకుతుందేమోనని తండ్రికి ఆశ పుడుతుంది. రిటైరై గ్రాట్యుటీ చేతికొచ్చిన పెద్దాయనకు తాతల నాటి వేట కథలు గుర్తొచ్చి, మంచి వేట రైఫిల్ ఏ కంపెనీదని ఆరా తీస్తాడు. లేత్ మీద చెయ్యి తిరిగిన టర్నరు మాత్రం, కంపెనీకి లక్షలు పోయడం ఎందుకు, మనకు కావలసినట్టు మనమే చేసుకుందామంటాడు.

ఈ ముగ్గురూ పాటించాల్సిన వరస ఒకటే. ముందు చట్టం చూడాలి. తర్వాత రైఫిల్ ఒంటికి అమరుతుందో లేదో చూడాలి. ఆ తర్వాత ఖర్చు ఎన్నాళ్లు మోయగలమో లెక్క వేసుకోవాలి. కంపెనీ పేరు అన్నిటికంటే చివర. ఈ వరస తలకిందులైతే డబ్బు పోవడంతో ఆగదు, చేస్తున్న ఉద్యోగానికే ఎసరు వస్తుంది.

వేట రైఫిల్ మాట ముందే తేల్చుకోండి

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేటకు చోటు లేదు. చంపడమే కాదు, గాయపరచడం, వల వేయడం, తరమడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ తర్వాత సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒకటో షెడ్యూల్లోని జంతువైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్లు, జరిమానా 25 వేలకు తగ్గదు.

మన చుట్టూ ఉన్న సాల అడవులకు ఈ చట్టం ఎంత అవసరమో మిడ్నాపూర్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2018లో లాల్‌గఢ్ వైపు ఒక పెద్దపులి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 13న బాఘ్‌ఘొరా అడవిలో వేటగాళ్ల చేతిలో చచ్చిపోయింది. ఊళ్లనూ అటవీ శాఖనూ కలిపి అడవిని కాపాడే పద్ధతికి దేశంలో దారి చూపిన ఆరాబారీ కూడా ఈ జిల్లాలోనే ఉంది. ఆ పేరు నిలబెట్టే బాధ్యత ఇక్కడ బతుకుతున్న మనకూ ఉంది.

పంటల మీద పడే అడవి పందుల సంగతేమిటని కొందరు అడుగుతారు. 2015, 2016 సంవత్సరాల్లో బిహార్‌లో కొన్ని జిల్లాలకు నీల్‌గాయ్‌ని, అడవి పందిని కేంద్రం కొంతకాలం హానికర జంతువుల జాబితాలో చేర్చింది. తెలంగాణలోనూ అడవి పందుల విషయంలో ప్రభుత్వం ఎంపిక చేసిన షూటర్లకు అనుమతి ఇచ్చారు. ఇవన్నీ ప్రభుత్వ ఉత్తర్వు మీద, ఫలానా చోట, ఫలానా కాలానికి, ఫలానా వ్యక్తి చేసే పనులు. సొంత రైఫిల్ ఉన్నంత మాత్రాన ఎవరికీ ఆ హక్కు రాదు.

కాబట్టి వేట కోసం కంపెనీలు బేరీజు వేయడం ఇక్కడ అక్కరకు రాదు. అమెరికాలో ఉన్న మేనల్లుడు రెమింగ్టన్ కొన్నాడనో, వించెస్టర్ కొన్నాడనో విని ఆశపడకండి. అక్కడి చట్టం వేరు, వేట సీజన్లూ పర్మిట్లూ వేరు. పైగా రెమింగ్టన్ అంతటి పాత కంపెనీ 2018లో ఒకసారి, 2020లో మరోసారి దివాలా తీసింది. పెద్ద పేరు ఉంటే చాలు, విడి భాగాలకు ఢోకా లేదనుకోవడానికి వీల్లేదని అక్కడి వాళ్లకూ అప్పుడు అర్థమైంది.

లైసెన్సు మీద మన దగ్గర ఎక్కువగా కనిపించేది .315 స్పోర్టింగ్ రైఫిల్. హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దానికి పుట్టిల్లు. 1962 యుద్ధం తర్వాత మన సైన్యం కోసం 7.62 మిల్లీమీటర్ల 2ఏ1 రైఫిల్ తయారైందీ అక్కడే. 2021 అక్టోబరు 1 నుంచి ఆ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వెళ్లింది. .315 గట్టి రైఫిలే. అయితే ఒలింపిక్ పోటీల్లో దానికి స్థానం లేదు. పిల్ల భవిష్యత్తు కోసమే అయితే దాని మీద పైసా పెట్టకండి. ఆత్మరక్షణకే అయితే నిజంగా ప్రాణభయం ఉందా అని పోలీసులు అడిగే ముందే మిమ్మల్ని మీరు అడగండి. పిల్లలు తిరిగే రెండు గదుల క్వార్టర్లో తుపాకీ వల్ల తీరే భయం కంటే మొదలయ్యే భయమే ఎక్కువ.

చేత్తో చేసుకుందామనే వాళ్లకు

ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో పనిచేసిన మనవాళ్ల చేతి పనితనం గురించి ఎవరూ సందేహించరు. వంద మైక్రాన్ల తేడా వేలితో తాకి చెప్పగల వాళ్లున్నారు. ఆ పనితనాన్ని తుపాకీ బ్యారెల్ మీద మాత్రం పెట్టకండి.

1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీకి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు తుపాకీ చేసుకోవడానికి పనికిరాదు. లైసెన్సు లేకుండా తయారు చేస్తే 25వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, కనీసం ఏడేళ్ల జైలు, అది యావజ్జీవం దాకా పోవచ్చు. ఉన్న తుపాకీ బ్యారెల్ కోయడం, ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చడం కూడా నేరమే. అందుకు వర్క్‌షాప్ ఉక్కు ముక్క వాడితే 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం కూడా మెడకు చుట్టుకుంటుంది.

రైల్వే ఉద్యోగి ఏ నేరారోపణ మీదైనా 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. 1968 క్రమశిక్షణ, అప్పీలు నియమాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. కేసు తేలడం తర్వాత, ముందు జీతం సగమవుతుంది, ఇంట్లో కుంపటి రాజుకుంటుంది.

చట్టం పక్కన పెట్టినా ప్రాణం సంగతి ఉంది. ఫ్యాక్టరీ తన బ్యారెల్‌ని మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడికి గురిచేసి పరీక్షించి, ముద్ర వేసి బయటికి పంపుతుంది. ఉక్కు రకం, వేడి చేసి చల్లార్చిన తీరు, చాంబర్ కొలత, ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా పేలుడు మనవైపే వస్తుంది. కంటికి ఎంత అందంగా కనిపించినా లేత్ మీద చేసిన గొట్టం బ్యారెల్ కాదు. చేతి పనితనం చూపాలనుకునే వాళ్లకు పనికొచ్చే చోటు వేరే ఉంది. దాని గురించి కింద చెబుతాను.

లైసెన్సు అక్కర్లేని చోటు నుంచి మొదలుపెట్టండి

పిల్లల షూటింగ్ అయితే మొదటి మెట్టు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 బోరు మించకుండా, 20 జౌళ్ల శక్తి దాటకుండా ఉండే ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ సుమారు అర గ్రాము సీసం పెల్లెట్‌ని సెకనుకు 170 మీటర్ల వేగంతో పంపుతుంది. అంటే ఏడెనిమిది జౌళ్లు. హద్దులో సగానికి కూడా రాదు. బిల్లు మాత్రం ఎప్పుడూ రైఫిల్‌తోనే ఉంచండి. దానితో పాటు క్లబ్బు ఉత్తరం, షూటర్ గుర్తింపు కార్డు ఉంటే హౌరా వెళ్లే లోకల్లో ఆర్‌పీఎఫ్ వాళ్లు పెట్టె తెరవమన్నా ఇబ్బంది పడరు. ప్రయాణానికి ముందు సిలిండర్లో గాలి తీసేయండి.

లైసెన్సు లేదు కదా అని పెరట్లో పిట్టలను కొట్టనివ్వకండి. వన్యప్రాణి చట్టం తుపాకీ రకాన్ని బట్టి మారదు. గోడకు తగిలి వెనక్కొచ్చిన పెల్లెట్ కన్ను తీయగలదు.

మొదటి ఆరు నెలలు ఏమీ కొనకండి. క్లబ్బు రైఫిల్‌తోనే నేర్చుకోనివ్వండి. జాతీయ స్థాయిలో ఈ ఆటను నడిపేది 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్. మన రాష్ట్రంలో వెస్ట్ బెంగాల్ రైఫిల్ అసోసియేషన్ దానికి అనుబంధం. ఆ అసోసియేషన్ గుర్తించిన క్లబ్బులో సభ్యత్వం లేకపోతే రాష్ట్ర పోటీకి ఎంట్రీ పడదు. కాబట్టి కొట్టుకు పోయే ముందు క్లబ్బుకు వెళ్లండి. ఎన్‌సీసీలో ఉన్న పిల్లలకు .22 రైఫిల్ కాల్చే అవకాశం రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతుంది. అందులో రాణించిన కేడెట్లు డైరెక్టరేట్ల మధ్య జరిగే పోటీల దాకా వెళతారు. పేదింటి పిల్లకు అంతకంటే మంచి ద్వారం లేదు.

కంపెనీల్లో ఏది?

పోటీ ఎయిర్ రైఫిళ్లలో ప్రపంచమంతా వినిపించే పేర్లు నాలుగైదే. జర్మనీ నుంచి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, ఆన్‌షుట్జ్. ఆస్ట్రియా నుంచి స్టైయర్. ఇటలీ నుంచి పార్డీని. వాల్తర్ ఎల్‌జీ 400, ఫైన్‌వెర్క్‌బౌ 800, ఆన్‌షుట్జ్ 9015, స్టైయర్ చాలెంజ్ వంటివి రేంజిలో తరచు కనిపిస్తాయి. వీటిలో ఏది మంచిదని వాదించుకునే తండ్రులు ఒక కొలత గుర్తుపెట్టుకోవాలి. 10 మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పైన చెప్పిన రైఫిళ్లలో దేన్నైనా బెంచికి బిగించి కాలిస్తే, తగిన పెల్లెట్‌తో, పది పెల్లెట్లూ దాదాపు ఒకే రంధ్రంలోంచి పోతాయి. అంటే యంత్రం వల్ల పోయే పాయింట్లు బహు తక్కువ. మిగతావన్నీ పట్టు వల్ల, ఊపిరి వల్ల, ట్రిగ్గర్ నొక్కే వేలి వల్ల పోతాయి. పేరు మార్చితే అవి తిరిగి రావు.

అందుకని కంపెనీని ఎంచుకునేటప్పుడు ఈ నాలుగు విషయాలు అడగండి.

ఒకటి, దాన్ని విప్పి బాగుచేయగల మనిషి కోల్‌కతాలో ఉన్నాడా? ఓ-రింగు అరిగి గాలి కారితే రైఫిల్‌ని జర్మనీ పంపలేం. మీ కోచ్ దగ్గర, మీ క్లబ్బులో ఎక్కువమంది ఏ కంపెనీది వాడుతుంటే దానికే విడి భాగాలూ దొరుకుతాయి, తెలిసిన చేతులూ దొరుకుతాయి. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కారణం ఇదే.

రెండు, బరువు. నిబంధనల ప్రకారం 10 మీటర్ల రైఫిల్ 5.5 కిలోలు మించకూడదు. పెద్దవాళ్ల రైఫిల్ ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. పన్నెండేళ్ల పిల్ల దాన్ని గంటకు పైగా ఎత్తి దించుతుంటే నడుము వంగిపోతుంది. ఆ వంపు అలవాటైతే తర్వాత సరిచేయడం కష్టం. చిన్న పిల్లలకు జూనియర్ మోడలే సరి.

మూడు, సర్దుబాట్లు ఎన్ని ఉన్నాయి? భుజానికి ఆనే బట్టు పొడవు, చెంప ఆనే చీక్‌పీస్ ఎత్తు, పిడి కోణం, ట్రిగ్గర్ దూరం, ఇవన్నీ పిల్ల ఎదుగుతున్న కొద్దీ మార్చుకోగలగాలి. ఎడమచేతి వాటం పిల్లయితే పిడి అటు కూడా దొరుకుతుందా అని ముందే కనుక్కోండి.

నాలుగు, పిల్ల ఏ పోటీలో దిగబోతోంది? మన దేశంలో ఓపెన్ సైట్ విభాగం వేరు, చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్ విభాగం వేరు. పీప్ సైట్‌లోనూ జాతీయ నియమాల పోటీ ఒకటి, అంతర్జాతీయ నియమాల పోటీ ఒకటి. మొదటి మెట్టుకు మహారాష్ట్రలో తయారయ్యే ప్రెసిహోల్ వంటి దేశవాళీ రైఫిళ్లు చాలు. విదేశీ రైఫిల్ ధర లక్షల్లో ఉంటుంది. రాష్ట్ర పోటీలో పిల్ల స్కోరు నిలకడగా పెరుగుతోందని కోచ్ కాగితం మీద చూపించాకే ఆ మాట ఎత్తండి.

చేతి పనితనానికి తగిన చోటు

మనకు తగ్గట్టు రైఫిల్ చేయించుకోవాలన్న కోరికలో తప్పు లేదు. ఆ పని బ్యారెల్ దగ్గర కాదు, ఒంటికి ఆనే భాగాల దగ్గర చేయాలి. చెప్పుల జత కొనేటప్పుడు కంపెనీ కంటే పాదం కొలత ముఖ్యమైనట్టే, రైఫిల్ విషయంలో భుజం, మెడ, చెయ్యి కొలత ముఖ్యం.

అమరిక చూసే పద్ధతి సులువు. ఖాళీ రైఫిల్‌ని పిల్ల భుజానికి ఆనించి, గురి పెట్టి, కళ్లు మూసుకుని రెండు మూడు ఊపిర్లు తీయమనండి. కళ్లు తెరిచినప్పుడు సైటు గురి మీదే ఉంటే అమరిక బాగున్నట్టు. పక్కకు జరిగితే చేత్తో లాగి సరిచేయకూడదు, నిలబడే తీరు మార్చాలి. పైకో కిందికో పోతే బట్‌ప్లేట్ ఎత్తు మార్చాలి. సైటు చూడటానికి మెడ ముందుకు చాచాల్సి వస్తే బట్టు పొడవో సైటు దూరమో తప్పు. చీక్‌పీస్ మీద తల బరువు దానంతట అది వాలాలి, చెంపను నొక్కి పట్టకూడదు.

పిడిని చేతి వేళ్లకు సరిపడా అరగదీయడం, చెక్క పుట్టీతో నింపడం, చీక్‌పీస్‌కు మెత్త వేయడం, ఎడమ చేతి మీద ఆనే దిమ్మను ఎత్తు పెంచడం, ఇవన్నీ మన ఫిట్టరు నాన్న ఇంట్లోనే నిబంధనలు చూసుకుని చేయగల పనులు. కొలతలకు పరిమితులున్నాయి కాబట్టి పోటీకి ముందు పరికరాల తనిఖీలో ఆగిపోకుండా కోచ్‌కి చూపించి చేయండి. గాలి ఒత్తిడి భాగాలు, వాల్వు, సిలిండర్ జోలికి పోకండి. 200 బార్ల ఒత్తిడితో ఉండే డబ్బా అది. బ్యారెల్‌నూ ముట్టుకోకండి.

పెల్లెట్ల ఎంపిక కూడా అమరికలో భాగమే. ఒకే కంపెనీ పెల్లెట్లలోనూ తల కొలత 4.49, 4.50 మిల్లీమీటర్లు అని తేడాలుంటాయి. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నప్పుతుంది. రైఫిల్‌ని బిగించి నాలుగైదు రకాలు కాల్చి చూసి, నప్పినది ఒకే బ్యాచ్‌లో ఎక్కువ డబ్బాలు కొనుక్కోండి. కొత్త రైఫిల్ కొనడం కంటే చాలాసార్లు ఈ పరీక్షే ఎక్కువ పాయింట్లు తెస్తుంది. పెల్లెట్లు సీసంవి. రేంజి నుంచి రాగానే చేతులు కడుక్కోకుండా పిల్లను అన్నానికి కూర్చోనివ్వకండి.

పాత రైఫిల్ కొనేటప్పుడు

మధ్యతరగతి ఇంటికి సెకండ్ హ్యాండ్ మంచి దారి. పై మోడల్‌కు మారే షూటర్లు తమ రైఫిల్ అమ్ముతుంటారు. చూడాల్సినవి ఇవి. అసలు బిల్లు, సీరియల్ నంబరు కలుస్తున్నాయా? సిలిండర్ మీద తయారీ తేదీ ఎంత? పోటీ సిలిండర్లకు కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువు ఇస్తాయి. గడువులో ఉందని చూసుకునే బాధ్యత షూటర్‌దే. ముగిసిపోతే కొత్త సిలిండర్ ధరను రైఫిల్ ధరలోంచి తగ్గించి బేరమాడండి. రాత్రి గాలి నింపి పొద్దున ముల్లు చూడండి, దిగితే గాలి కారుతోందన్నమాట. బెంచి మీద పది పెల్లెట్లు కాల్చి అట్ట చూడకుండా డబ్బు ఇవ్వకండి. కోచ్ సమక్షంలో కొనండి.

లెక్క మొత్తం వేయండి

చాలామంది రైఫిల్ ధర ఒక్కటే చూసి లోను తీస్తారు. రైఫిల్‌తో పాటు బిగువైన జాకెట్టు, ప్యాంటు, బూట్లు, గ్లోవు కావాలి. పిల్ల ఎదిగితే జాకెట్టు మారుతుంది. పెల్లెట్లు, రేంజి రుసుము, కోచ్ ఫీజు, పోటీ ఎంట్రీ, కోల్‌కతా రాకపోకలు, బస, ఇవి నెలనెలా ఉంటాయి. రైఫిల్ కొని పెల్లెట్లకు డబ్బు లేక ఆపేయడం కంటే సాదా రైఫిల్‌తో ఏడాదంతా సాధన చేయడం మేలు.

నా సలహా ఇది. చేతిలో ఉన్న మొత్తంలో సగానికి మించి రైఫిల్ మీద పెట్టకండి. మిగతా సగం కనీసం ఏడాది సాధనకు ఉంచండి. పీఎఫ్ ముట్టుకోకండి. పెద్ద పిల్ల పెళ్లికో, చిన్నవాడి చదువుకో దాచింది దీనిలోకి మళ్లించకండి. పెల్లెట్ లేకుండా ఇంట్లోనే గోడ మీద చుక్క పెట్టి చేసే సాధనకు ఖర్చు లేదు. మంచి కోచ్‌లందరూ రోజూ చేయమనేది అదే. ఆ సమయంలో పెల్లెట్ డబ్బా వేరే గదిలో ఉండాలి, రైఫిల్ మొన వైపు ఎవరూ నడవకూడదు. పని అయ్యాక బ్యారెల్లో రంగు దారం, అంటే సేఫ్టీ ఫ్లాగ్, పెట్టి పెట్టెకు తాళం వేయాలి.

డిపార్ట్‌మెంటుకు చెప్పండి

మనవాళ్లు తరచు మరిచిపోయే విషయం ఇది. 1966 రైల్వే సర్వీసుల ప్రవర్తన నియమాల్లో 18వ నియమం ప్రకారం, రెండు నెలల మూల వేతనం దాటిన చరాస్తిని మీ పేరున కొన్నా అమ్మినా నెల రోజుల్లోగా తెలియజేయాలి. విదేశీ ఎయిర్ రైఫిల్ ఆ హద్దు సులువుగా దాటుతుంది. డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, సొసైటీ లోనా, పొదుపా, రాసి ఇవ్వండి. కాపీ మీద డైరీ నంబరు వేయించుకుని బిల్లుతో పాటు దాచండి. ఇది మీకు రక్షణ.

.22కు ఎప్పుడు మారాలి?

50 మీటర్ల పోటీకి .22 రైఫిల్ కావాలి, అది ఆయుధమే, లైసెన్సు తప్పదు. సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్న షూటర్లకు సాధన, పోటీల కోసం నియమాల్లో వేరే వెసులుబాటు ఉంది, దాన్ని క్లబ్బు ద్వారానే వాడుకోవాలి. మనకు లైసెన్సు ఇచ్చేది మిడ్నాపూర్‌లోని జిల్లా మేజిస్ట్రేటు కార్యాలయం. దరఖాస్తు ఆన్‌లైన్లో వేయాలి, పోలీసు విచారణ జరుగుతుంది, ఆయుధ భద్రతా శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చూపాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు. మామూలు పౌరుడికి రెండు తుపాకులే హద్దు. గుర్తింపు పొందిన షూటర్లకు అంతకంటే ఎక్కువ ఉంచుకునే మినహాయింపు ఉంది.

దిగుమతి .22 రైఫిళ్లు బజారులో కొనేవి కావు. నిర్ణీత స్కోరు సాధించి, అసోసియేషన్ నుంచి పేరొందిన షూటర్‌గా ధ్రువీకరణ పొందినవాళ్లకు ఆ దారి తెరుచుకుంటుంది. తూటాలకూ కోటా ఉంటుంది. కాబట్టి .22లో ఆన్‌షుట్జా, వాల్తరా, స్విట్జర్లాండ్ వాళ్ల బ్లైకరా అన్న చర్చకు పిల్ల స్కోరే ముందు అర్హత తేవాలి. అంతవరకు క్లబ్బు .22 చాలు.

ఉద్యోగం ఎలా వస్తుంది?

ఖరగ్‌పూర్‌కు ఈ విషయంలో పెద్ద ఉదాహరణ ఇంట్లోనే ఉంది. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు ఇక్కడే టికెట్ పరీక్షకుడిగా పనిచేశాడు. ఆటే అతనికి ఆ ఉద్యోగం తెచ్చింది. షూటింగ్‌లో స్వప్నిల్ కుసాలే ఉన్నాడు. కొల్హాపూర్ జిల్లా పల్లెలో పుట్టి, 2015లో సెంట్రల్ రైల్వేలో చేరి, టికెట్ల ఉద్యోగం చేస్తూనే 2024 ఆగస్టు 1న ప్యారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యం గెలిచాడు. ఉద్యోగానికీ పతకానికీ మధ్య తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లూ జీతం అతని సాధనను నిలబెట్టింది.

రైల్వే స్పోర్ట్స్ కోటాకు వయసు 18 నుంచి 25. మొత్తం వంద మార్కుల్లో ఆటలో సాధించినవాటికి 50, ట్రయల్స్‌కు 40, చదువుకు 10. సౌత్ ఈస్టర్న్ రైల్వే నోటిఫికేషన్ గార్డెన్ రీచ్‌లోని రిక్రూట్‌మెంట్ సెల్ ఇస్తుంది. ఆ ఏడాది ఏ ఆటలకు ఎన్ని ఖాళీలో అందులోనే ఉంటుంది. షూటింగ్ ప్రతిసారీ ఉంటుందని అనుకోకండి. ఏ స్థాయి పోటీలో ఎన్నో స్థానం వస్తే ఏ పే లెవెల్‌కు అర్హతో చదవండి. జిల్లా పోటీ కప్పులు ఎన్ని ఉన్నా ఈ లెక్కలోకి రావు. జాతీయ పోటీ సర్టిఫికెట్లు, అదీ ఇటీవలి ఏళ్లవి, కావాలి. మన జోనులో లేకపోతే వేరే జోన్లు, కేంద్ర భద్రతా దళాలు, సైన్యం చూడండి. 2012 లండన్‌లో పిస్టల్ రజతం గెలిచిన విజయ్ కుమార్ సైన్యం మనిషే. మహూలోని ఆర్మీ మార్క్స్‌మన్‌షిప్ యూనిట్ దేశానికి ఎందరో షూటర్లను ఇచ్చింది.

శిక్షణకు మనకు రెండు ఊళ్లు అందుబాటులో ఉన్నాయి. 2012 లండన్‌లో 50 మీటర్ల ప్రోన్‌లో, అంటే పడుకుని కాల్చే పోటీలో, నాలుగో స్థానంలో నిలిచిన జయదీప్ కర్మకార్ కోల్‌కతాలో శిక్షణ ఇస్తున్నాడు. అదే ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ అకాడమీ హైదరాబాద్‌లో ఉంది. బెంగాల్ అమ్మాయి మెహులీ ఘోష్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచాక హైదరాబాద్ వెళ్లి అక్కడ సాధన చేసింది. వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022 డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు. తెలుగు, బెంగాలీ రెండూ వచ్చిన ఖరగ్‌పూర్ పిల్లలకు ఈ రెండు చోట్లా పరాయితనం ఉండదు.

చదువు మాత్రం ఆపించకండి. కోటాలో పది మార్కులే ఇచ్చినా, ఆట కలిసిరాని రోజు ఆ చదువే అన్నం పెడుతుంది.

ఇక తీర్పు. వేట కోసం రైఫిల్ కొనకండి. బ్యారెల్ చేసుకోవాలన్న ఆలోచన ఇంట్లో ఎవరికి ఉన్నా ఈ రోజే మాన్పించండి. పిల్ల కోసమైతే ఆరు నెలలు క్లబ్బు రైఫిల్, తర్వాత మీ క్లబ్బులో బాగుచేసే మనిషి ఉన్న కంపెనీది సెకండ్ హ్యాండ్ ఎయిర్ రైఫిల్, దాని పిడి, చీక్‌పీస్ మీ చేత్తో పిల్ల ఒంటికి తగ్గట్టు సర్దండి. జాతీయ పోటీకి అర్హత వచ్చిన రోజున కొత్త రైఫిల్ గురించి ఆలోచించండి. ఈ ఆదివారం ఏ కొట్టుకూ వెళ్లకండి, పిల్లను వెంటబెట్టుకుని క్లబ్బు కోచ్‌ని కలవండి.